నెల్లూరు, ఒంగోలు వైపు ఇంటికి నెట్ పెట్టించుకునే ముందు వీధి స్తంభం చూడండి

కొత్త ఇంట్లోకి దిగిన ప్రతివాళ్లూ ముందు అడిగేది "ఏ కంపెనీ నెట్ మంచిది?" అనే. దీనికి ఊరు మొత్తానికీ పనికొచ్చే జవాబు లేదు. మాగుంట లేఅవుట్‌లో ఏడాదంతా ఇబ్బంది పెట్టని కంపెనీయే వేదాయపాళెంలో ఏదో ఒక సందులో వారం వారం పడిపోతుండొచ్చు. ఒంగోలు లాయరుపేటలో ఒకరు తిట్టుకునే లైను మంగమూరు రోడ్డులో ఇంకొకరికి బాగా నడుస్తుంటుంది. కాబట్టి అడగాల్సింది ఇది: మా వీధిలో వైరు తెగితే నిచ్చెన వేసుకుని వచ్చేది ఎవరు, ఎంతసేపట్లో వస్తారు? ఈ ఒక్క ప్రశ్నకి సరైన జవాబు దొరికితే మిగతావన్నీ చిన్న విషయాలే.

ఎందుకంటే కంపెనీ పేరు ఏదైనా దాని పెద్ద లైను ఊళ్లోకి, మండల కేంద్రంలోకి వచ్చి ఆగుతుంది. అక్కడినుంచి మన గడప దాకా వైరు లాగేది, పోతే అతికేది చాలా చోట్ల స్థానిక మనుషులే. బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌ని, అంటే గాజు పోగు వైరుతో వచ్చే నెట్‌ని, చాలా ఊళ్లలో స్థానిక భాగస్వాములే ఇళ్లకి ఇస్తారు. ఏపీ ఫైబర్‌నెట్ అయితే మొదటినుంచీ కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇళ్లకి వెళ్లింది. ప్రైవేటు కంపెనీలకీ వైర్లు లాగే కాంట్రాక్టు మనుషులు వేరే ఉంటారు. మన నెట్ బాగోగులు సగానికి పైగా ఈ మనుషుల చేతిలోనే ఉంటాయి. వాళ్లు కూడా ఎండలో, వానలో స్తంభాలెక్కే మనుషులే కాబట్టి మర్యాదగా మాట్లాడి వాళ్ల నంబరు దగ్గర పెట్టుకోవడం మనకే మంచిది.

ముందు ఒక సాయంత్రం వీధిలో నడవండి

ప్లాన్ల ధరలు చూసే ముందు వీధి చివరి దాకా నడిచి స్తంభాల వైపు చూడండి. సన్నని నల్ల వైర్లు, స్తంభానికి చుట్టి కట్టిన వైరు చుట్టలు, చిన్న ప్లాస్టిక్ డబ్బాలు కనిపిస్తాయి. ఆ డబ్బాల్లోనే స్ప్లిటర్ ఉంటుంది, దానిలోంచే ఒక పోగు పది, ఇరవై, ముప్పై ఇళ్లకి చీలుతుంది. డబ్బాకి మూత ఉందా, లేక తెరుచుకుని వేలాడుతోందా? వైర్లు బిగించి కట్టి ఉన్నాయా, లేక తలకి తగిలేంత కిందికి జారాయా? దీన్ని బట్టే ఆ ఆపరేటర్ పనితనం తెలుస్తుంది. మీ ఇంటికి డబ్బా ఎంత దగ్గరుంటే అంత మంచిది, దూరం పెరిగేకొద్దీ వైరు తెగే అవకాశమూ పెరుగుతుంది.

తర్వాత నాలుగు ఇళ్లలో, ఒకటి రెండు కొట్లలో అడగండి. జిరాక్స్ షాపు, మీసేవ, మొబైల్ రీచార్జి కొట్టు వాళ్లని మాత్రం వదలొద్దు, నెట్ పోతే ఆ రోజు వాళ్ల వ్యాపారం ఆగిపోతుంది కాబట్టి ఎవరి లైను ఎప్పుడు పోయిందో వాళ్లకి బాగా గుర్తుంటుంది. "నెట్ బాగుందా?" అని అడిగితే "బానే ఉంది" అనేసి ఊరుకుంటారు. అలా కాకుండా "పోయినసారి వైరు తెగినప్పుడు ఎన్నాళ్లకి వచ్చారన్నా?" అని అడగండి, అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య వీడియో తిరుగుతూ ఆగిపోతుందా అనీ, ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తుతారా అనీ అడగండి.

ఇక మన దగ్గర ఉన్న దారులు.

బీఎస్ఎన్ఎల్. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖ సర్వీసుల విభాగం కంపెనీగా మారి బీఎస్ఎన్ఎల్ అయింది, అంతకుముందు నుంచీ ఉన్న ఎక్స్ఛేంజీలు, భూమిలో కేబుళ్లు దాని ఆస్తి. మిగతావాళ్లు ఇంకా అడుగు పెట్టని మండలాల్లో కూడా దీని లైను దొరికే అవకాశం ఎక్కువ. ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ ఉండి ఆ నంబరు బంధువులందరి దగ్గరా ఉంటే, రాగి తీగ నుంచి ఫైబర్‌కి మార్చేటప్పుడు అదే నంబరు ఉంచమని దరఖాస్తులోనే రాయించండి. ముందు పాతది సరెండర్ చేసి తర్వాత కొత్తది అడిగితే నంబరు పోతుంది.

ఏపీ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అప్పట్లో నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే పెట్టెలో ఇస్తామంటే ఊళ్లలో జనం ఎగబడ్డారు. ఇప్పటి ప్లాన్లు, ధరలు వేరు, మీ ఆపరేటర్ దగ్గరే తెలుసుకోవాలి. దీని వైర్లు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగినవే. అందుకే పల్లెల దాకా తొందరగా వెళ్లింది, గాలీ వానా వస్తే దెబ్బతినేదీ అందుకే.

జియో, ఎయిర్‌టెల్ ఫైబర్లు పట్టణాల్లో, పెద్ద ఊళ్లలో దొరుకుతాయి. వాళ్ల యాప్‌లో పిన్‌కోడ్ కొడితే "మీ ప్రాంతంలో ఉంది" అని వచ్చినంత మాత్రాన మీ సందులోకి ఉన్నట్టు కాదు, మనిషి వచ్చి చూసి చెప్పేదాకా డబ్బు కట్టొద్దు. ఇవి కాక ఊరికో రెండు స్థానిక కేబుల్ నెట్‌లు ఉంటాయి. వీటిని తక్కువగా చూడొద్దు. ఆఫీసు పక్క వీధిలోనే ఉండి, ఓనరు మనకి తెలిసినవాడై ఉంటే, మరమ్మతు విషయంలో పెద్ద కంపెనీలకంటే ఇవే నయం అనిపించిన వీధులు చాలా ఉన్నాయి.

వైరే రాని చోట ఎయిర్‌ఫైబర్ ఉంది, అంటే మిద్దె మీద చిన్న పెట్టె పెట్టి 5జీ సిగ్నల్‌ని ఇంట్లో వైఫైగా మార్చేది. జియో దీన్ని 2023 సెప్టెంబరులో మొదలుపెట్టింది. ఇది తీసుకునే ముందు అదే కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోన్ ఒకటి పట్టుకుని మిద్దె ఎక్కి, పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి స్పీడ్ టెస్ట్ పెట్టండి. రాత్రి వేగం బాగా పడిపోతుంటే ఆ టవర్ మీద ఇప్పటికే జనం ఎక్కువున్నారని అర్థం. దోర్నాల, యర్రగొండపాలెం లాంటి నల్లమల అంచు ఊళ్లలో, ఉదయగిరి కొండల వైపు ఒక వీధిలో నాలుగు గీతలున్న సిగ్నల్ పక్క వీధిలో ఉండదు, కాబట్టి పక్కింట్లో పనిచేస్తోందన్న మాట మీద కొనొద్దు.

ఏ లైనూ లేని పల్లె అయితే ఒక్కరే వెళ్లి అడిగితే పని కాదు. స్తంభాల మధ్య దూరం, కేబుల్ ఖర్చు లెక్కేసుకుంటే ఒక ఇంటి కోసం ఆపరేటర్‌కి గిట్టుబాటు కాదు. పది ఇళ్ల వాళ్లు పేర్లు, ఫోన్ నంబర్లు రాసి, అడ్వాన్సు ఇస్తామని చెప్పి కలిసి వెళ్లండి, చాలాసార్లు లైను వస్తుంది.

ఎంత వేగం కావాలి?

అమ్మేవాళ్లు ఎప్పుడూ పెద్ద ప్లానే చెబుతారు. కానీ హెచ్‌డీ వీడియో ఒకటి నడవడానికి 5 ఎంబీపీఎస్ (సెకనుకి 5 మెగాబిట్లు) చాలు, 4కే అయితే 15 నుంచి 25, వీడియో కాల్‌కి రెండు మూడు. నలుగురున్న ఇంటికి 40, 50 ఎంబీపీఎస్ నికరంగా వస్తే హాయిగా సరిపోతుంది. ఇక్కడ ఒక తికమక చాలామందికి ఉంటుంది: 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సినిమా డౌన్‌లోడ్ చేస్తే ఫోన్‌లో సెకనుకి 12 ఎంబీ చూపిస్తుంది, మోసం చేశారనుకుంటారు. మోసం లేదు, ప్లాన్‌లో చెప్పేది బిట్లు, ఫోన్ చూపించేది బైట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100ని 8తో భాగిస్తే పన్నెండున్నరే వస్తుంది.

అప్‌లోడ్ వేగం అడగడం మర్చిపోవద్దు. ఇందుకూరుపేట, అల్లూరు, ముత్తుకూరు, ఇటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గర కెమెరాలు పెట్టుకునేవాళ్లకి ఇదే ముఖ్యం. ఒక్కో కెమెరా నిరంతరం 2 నుంచి 4 ఎంబీపీఎస్ దాకా పైకి పంపుతుంది, నాలుగు కెమెరాలుంటే లెక్కేసుకోండి. డౌన్‌లోడ్ వందిచ్చి అప్‌లోడ్ పదిచ్చే ప్లాన్ తీసుకుంటే చెరువు బొమ్మ ఆగి ఆగి వస్తుంది. పాత రకం డీవీఆర్ (కెమెరా బొమ్మలు రికార్డు చేసే పెట్టె) అయితే స్టాటిక్ ఐపీ, అంటే మారని నెట్ చిరునామా, కూడా కావాల్సి రావచ్చు, దానికి విడిగా డబ్బు తీసుకుంటారు. కొత్త కెమెరాలు చాలావరకు కంపెనీ యాప్ ద్వారా పనిచేస్తాయి, వాటికి ఆ అవసరం లేదు.

ధర దగ్గర రెండు మాటలు. బోర్డు మీద రాసిన రేటుకి 18 శాతం జీఎస్టీ కలుస్తుంది, 499 అని రాసి ఉంటే కట్టేది 589. రెండోది, అన్‌లిమిటెడ్ అని రాసినా నెలకి ఒక హద్దు ఉంటుంది, చాలా ప్లాన్లలో 3300 జీబీ లాంటిది. మామూలు ఇంటికి అది చాలా ఎక్కువ. కానీ చిన్న ప్లాన్లలో ఈ హద్దు బాగా తక్కువ ఉండొచ్చు, అది దాటాక వేగం ఎంతకి పడుతుందో ముందే అడగండి.

ఏడాది డబ్బు ఒకేసారి కడితే ఒకటి రెండు నెలలు ఉచితం అంటారు. కొత్త లైను మీద ఆ పని చేయొద్దు. నెలవారీగా మూడు నెలలు నడిపి, అందులో ఒక్క వానైనా చూసి, అప్పుడు కట్టండి. డబ్బంతా ముందే చేరిపోయాక ఫోన్ ఎత్తే తీరు మారిపోయిన ఆపరేటర్ మా వీధిలోనే ఉన్నాడు, పాపం ఆ లైను తీసుకున్నవాళ్లు ఏడాది చివరిదాకా వదల్లేక, వాడుకోలేక అవస్థ పడ్డారు.

పెట్టే రోజు దగ్గరుండి చూసుకోవాల్సినవి

ఈ భాగం చాలామంది వదిలేస్తారు. అబ్బాయిలు వస్తారు, అరగంటలో వైరు లాగి, ఫోన్‌లో యూట్యూబ్ ఆడించి చూపించి వెళ్లిపోతారు. మనం కాఫీ ఇచ్చి పంపేస్తాం. తర్వాత వచ్చే తిప్పలు సగం ఆ అరగంటలో మనం చూడకపోవడం వల్లే.

వైరు రోడ్డు దాటుతుంటే ఎత్తు చూడండి. కోతల సీజన్‌లో వరిగడ్డి ట్రాక్టర్లు ఇంటి ఎత్తున మేటు వేసుకుని వెళ్తాయి, చీమకుర్తి వైపు అయితే గ్రానైట్ లారీలు. మన ప్రాంతంలో వైర్లు తెగడానికి ఇదొక పెద్ద కారణం. రోడ్డుకి రెండు వైపులా స్తంభానికి బిగించి లాగమనండి, జారుగా వదలనివ్వొద్దు. కరెంటు సర్వీసు వైరుకి చుట్టి తెస్తే ఒప్పుకోవద్దు, అది ప్రమాదం, పైగా కరెంటు వాళ్లు పనిచేసేటప్పుడు మన వైరు కోసేస్తారు. నెల్లూరు వైపు స్తంభాలు కరెంటు కంపెనీ ఎస్‌పీడీసీఎల్‌వి, ఒంగోలు వైపు సీపీడీసీఎల్‌వి, వాళ్లు స్తంభం మార్చినప్పుడు కేబుల్ మళ్లీ కట్టించే బాధ్యత ఆపరేటర్‌దే.

గోడలోంచి లోపలికి వచ్చే చోట వైరు కాస్త కిందికి వంగి, మళ్లీ పైకి లేచి రంధ్రంలోకి వెళ్లాలి, లేకపోతే వాన నీళ్లు వైరు వెంటే నడిచి ఇంట్లోకి వస్తాయి. బయట మీటరో రెండు మీటర్లో వైరు చుట్టి ఉంచమనండి, రేపు తెగితే కొత్త వైరు కొనకుండా అతకడానికి పనికొస్తుంది. లోపల గాజు పోగు ఉంది కాబట్టి మూల దగ్గర మడిచి మేకు కొట్టకూడదు, గుండ్రంగా తిప్పాలి. పెట్టెలోకి పెట్టే కనెక్టర్ సాధారణంగా పచ్చరంగుది. పచ్చ కనెక్టర్‌ని నీలం దానితో కలిపితే లైటు సరిగా దాటదు, తొందరలో ఉన్నది తగిలించేస్తుంటారు, గమనించండి.

ఇక చాలా ముఖ్యమైనది. "పవర్ ఎంత వస్తుంది తమ్ముడూ, మీటర్ పెట్టి చూపించు" అని అడగండి, పవర్ అంటే ఇక్కడ కరెంటు కాదు, వైరులో వచ్చే వెలుగు బలం. వాళ్ల దగ్గర చేతిలో పట్టే చిన్న మీటర్ ఉంటుంది, వైరు చివర పెడితే మైనస్ అంకె చూపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24, 25 దాకా ఉంటే మంచిది. మైనస్ 27 దాటితే ఈరోజు పనిచేసినా రేపు వానకో ఎండకో పోతుంది, అతుకులు సరిచేసి మళ్లీ చూపించమనండి. ఆ అంకెని తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత నెట్ నెమ్మదించినప్పుడు మళ్లీ కొలిచి, అప్పుడు 19 ఉన్నది ఇప్పుడు 27 అయింది అని చూపిస్తే ఎవరూ "మీ ఫోన్‌లోనే ప్రాబ్లం సార్" అని తప్పించుకోలేరు. వైరు చివరని కంటి దగ్గర పెట్టి చూడొద్దు, పిల్లల్ని చూడనివ్వొద్దు, అందులో వచ్చే లేజర్ వెలుగు కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు.

వైఫై పెట్టె ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి. వదిలేస్తే వాళ్లు వరండా మూలలో, వైరు తక్కువ పట్టే చోట పెడతారు. ఇల్లు మధ్యలో, మనిషి ఎత్తులో, ఇనుప బీరువాకి, ఫ్రిజ్‌కి దూరంగా ఉండాలి. పెట్టెలో రెండు రకాల సిగ్నల్ ఉంటుంది: 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది కానీ నెమ్మది, 5 గిగాహెర్ట్జ్ వేగం కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. కిందా పైనా రెండు అంతస్తులుంటే మిద్దె పైకి లాన్ కేబుల్ (పెట్టె నుంచి నెట్ తీసుకెళ్లే వైరు) లాగించి అక్కడ ఇంకో రౌటర్ పెట్టించడమే ఖాయమైన పద్ధతి, సిగ్నల్ సాగదీసే చవక పరికరాల మీద డబ్బు పోసే కంటే ఇది మేలు.

కనెక్షన్ మీ పేరు మీదే ఉండాలి. కొన్నిచోట్ల ఒకే పెద్ద కనెక్షన్ తీసుకుని పది ఇళ్లకి పంచేస్తుంటారు, చవగ్గా వస్తుందని మనమూ ఊరుకుంటాం. అది చట్టప్రకారం సరైన పని కాదు. పైగా ఆ పదిళ్లలో ఎవరైనా నెట్‌లో తప్పుడు పని చేస్తే పోలీసుల విచారణ అందరి గుమ్మం ముందుకీ వస్తుంది. మీ ఆధార్‌తో కేవైసీ చేశారా, మీ పేరుతో కస్టమర్ ఐడీ ఉందా, బిల్లు మీ ఫోన్‌కి వస్తుందా, ఈ మూడూ ఆ రోజే చూసుకోండి. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకోండి. వైఫై పాస్‌వర్డ్ వాళ్లు పెట్టింది ఉంచొద్దు, ఆ వీధి మొత్తానికీ ఒకటే పెట్టి ఉంటారు.

కరెంటు పోతే, తుపాను వస్తే

పాత ల్యాండ్‌లైన్‌కి ఒక గొప్ప గుణం ఉండేది, కరెంటు పోయినా మోగేది, ఎందుకంటే దానికి కావాల్సిన కరెంటు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి ఆ రాగి తీగలోనే వచ్చేది. ఫైబర్ ఫోన్‌కి అది లేదు, ఇంట్లో పెట్టె ఆరిపోతే ఫోనూ మూగబోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే ఇది ఆలోచించాల్సిన విషయం. 12 వోల్టుల మినీ యూపీఎస్ అని రౌటర్ల కోసమే అమ్ముతారు, ఇన్వర్టర్ లేని ఇంటికి అది చాలు, కొన్ని గంటలు నడుస్తుంది. కొనే ముందు మీ పెట్టె అడాప్టర్ మీద రాసిన వోల్టు, ఆంపియర్ చూసి దానికి సరిపోయేదే తీసుకోండి. మీ ఇంట్లో బ్యాటరీ ఉన్నా ఆపరేటర్ ఆఫీసులో లేకపోతే లాభం లేదు, కనెక్షన్ తీసుకునేటప్పుడే "కరెంటు పోతే మీ ఆఫీసులో మిషన్ ఎంతసేపు నిలబడుతుంది?" అని అడగండి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఇలాంటి రోజుల్లో ఏ కంపెనీ అన్న తేడా ఉండదు, స్తంభం పడితే దాని మీద ఉన్న అన్ని వైర్లూ పడతాయి. తీరం వెంబడి ఉన్నవాళ్లు ఇంట్లో ఫైబర్ ఏ కంపెనీదో ఫోన్ సిమ్ ఆ కంపెనీది కాకుండా ఇంకోటి పెట్టుకోండి. ఉరుములు మొదలైతే అడాప్టర్ ప్లగ్ తీసేయండి. తుపాను తర్వాత తెగి కింద పడ్డ వైరు ఏదైనా సరే, నెట్ వైరే కదా అని చేత్తో పట్టుకోవద్దు, పక్కనే తెగిన కరెంటు తీగ దాన్ని తాకి ఉండొచ్చు.

"ఏందన్నా, నెట్ రాలా?"

నెట్ పోగానే పెట్టె ఆపి వేసి, ఆపి వేసి చూడటం అందరికీ అలవాటు. ఒక్కసారి చేయండి చాలు. తర్వాత లైట్లు చూడండి, ఏం జరిగిందో అవే చెబుతాయి.

ఎల్ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు వెలుగుతుంటే వెలుగు మన దాకా రావడం లేదు, బయటెక్కడో వైరు తెగింది, లేదా కనెక్టర్ ఊడింది. మీరు ఇంట్లో చేసేదేం లేదు. పక్కింట్లో కూడా ఎర్ర లైటేనా అని కనుక్కుని ఫోన్ చేయండి, రెండిళ్లలోనూ ఉంటే తెగింది వీధి డబ్బాకి ముందే అని వాళ్లకి వెంటనే అర్థమవుతుంది, వెతికే సమయం తగ్గుతుంది. పాన్ అని రాసిన లైటు పచ్చగా నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం వెలగకపోతే వైరు బాగానే ఉంది, రీచార్జి అయిపోయిందేమో, లాగిన్ పోయిందేమో చూడాలి. ఈ తేడా ఫోన్‌లో చెబితే మనిషి రాకుండానే పని అయిపోవచ్చు.

లైట్లన్నీ బాగుండి నెమ్మదిగా ఉంటే, కంప్యూటర్‌ని లాన్ కేబుల్‌తో పెట్టెకి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. కేబుల్‌తో పూర్తి వేగం వస్తే తప్పు వైఫైది, పెట్టె చోటు మార్చాలి. కేబుల్‌తో కూడా ఎంత చేసినా 95 దగ్గరే ఆగిపోతుంటే ఆ లాన్ కేబుల్లో నాలుగు జతల తీగలూ సరిగా కలవలేదని అనుమానించండి, లేదా పెట్టె పోర్టే వంద ఎంబీపీఎస్‌ది అయి ఉంటుంది. పగలు బాగుండి రాత్రిపూట మాత్రమే పడిపోతుంటే ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న సామర్థ్యం ఇళ్లకి చాలడం లేదు, ఒకే బోరు నీళ్లు ఊరంతటికీ పట్టినట్టు. అప్పుడు వరసగా కొన్ని రాత్రులు కేబుల్ మీద టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్లు దాచండి, మాటలకంటే అవి పనిచేస్తాయి.

ఫిర్యాదు లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేయడంతో ఆపొద్దు. అది చేయండి, కానీ దానితోపాటు కంపెనీ నంబరుకి కూడా చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. బీఎస్ఎన్ఎల్‌కి అయితే 1500. ఆ నంబరు లేకపోతే కంపెనీ లెక్కలో మీ నెట్ పోనట్టే. గడువులో తేలకపోతే ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయాలి, గడువు ముగిసిన 30 రోజుల్లోపు రాయాలి, 39 రోజుల్లో తేల్చాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు విచారించదు. టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టొచ్చు, 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయొచ్చు. అక్కడా తేలకపోతే నెల్లూరులో, ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. టెలికాం కంపెనీల మీద అక్కడ కేసు వేయొచ్చని 2022లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, కాబట్టి "ఇది వినియోగదారుల కోర్టు పరిధి కాదు" అని ఎవరైనా అంటే వినొద్దు. నెట్ రాని రోజులకి బిల్లులో తగ్గించమని అడగడం మీ హక్కు, కానీ ఫిర్యాదు నంబరు, తేదీ చేతిలో ఉండాలి.

టీవీ, ల్యాండ్‌లైన్, సిమ్

కేబుల్ టీవీకి 2019 ఫిబ్రవరి 1 నుంచి ఏ ఛానల్ కావాలో మనమే ఎంచుకునే పద్ధతి వచ్చింది. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆపరేటర్ ఇచ్చిన ప్యాకే నడుస్తోంది, ఎవరూ చూడని ఛానళ్లకి నెల నెలా డబ్బు పోతోంది. బిల్లు అడిగి, ఇంట్లో నిజంగా చూసే డబ్బు ఛానళ్లు రాసుకుని వాటినే ఉంచమనండి. వార్తలు, పాటలు, దూరదర్శన్ చాలనుకునే పెద్దవాళ్లకి డీడీ ఫ్రీ డిష్ ఉంది, గొడుగు, పెట్టె ఒకసారి కొంటే నెలవారీ ఖర్చు లేదు.

ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి, 2021 జనవరి 15 నుంచి ఇదే పద్ధతి. కొత్త ఫోన్ పెట్టాక కాల్స్ పోవడం లేదని కంగారుపడే పెద్దవాళ్లకి ఇది చెప్పండి.

సిమ్ కంపెనీ మార్చాలంటే పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి మెసేజ్ పంపితే కొత్త కంపెనీకి ఇవ్వాల్సిన కోడ్ వస్తుంది. ఆ నెట్‌వర్క్‌లో 90 రోజులు ఉండి ఉండాలి. సిమ్ పోయి డూప్లికేట్ తీసుకున్నా, మార్చుకున్నా ఏడు రోజుల దాకా కోడ్ రాదు. ల్యాండ్‌లైన్ నంబరుకి ఈ సౌకర్యం లేదు.

కనెక్షన్ వదిలేసేటప్పుడు

రీచార్జి ఆపేస్తే దానంతట అదే పోతుందిలే అని వదిలేయొద్దు. బిల్లు తర్వాత కట్టే పద్ధతిలో ఉన్నవాళ్లకి అద్దె పెరుగుతూనే ఉంటుంది, ఇల్లు మారిపోయాక నోటీసు పాత చిరునామాకి వెళ్తుంది. రాతపూర్వకంగా, మెయిల్‌లోనో కౌంటర్‌లోనో, ఫలానా తేదీ నుంచి వద్దని ఇచ్చి రసీదు తీసుకోండి. అదే ఊళ్లో ఇల్లు మారుతుంటే మూసేయకుండా షిఫ్టింగ్ అడగండి, అయితే కొత్త వీధిలో డబ్బా ఉందో లేదో ముందు మీరే చూసుకోండి. పెట్టె కంపెనీదైతే, అడాప్టర్‌తో సహా ఆఫీసులోనే అప్పగించండి. ఇంటికొచ్చిన అబ్బాయికి ఇవ్వాల్సి వస్తే పెట్టె వెనక సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో తీసి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. డిపాజిట్ ఉంటే అది ఏ ఖాతాకి, ఎన్ని రోజుల్లో వస్తుందో ఆ రసీదు మీదే రాయించుకోండి.